నాన్న కొన్న పాత కంప్యూటర్‌తో హెచ్‌డీ టీవీ రికార్డింగ్: బెంగళూరులో ఎవరైనా చేశారా?

మారతహళ్లి_మదనపల్లె

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2009లో నాన్న ఇక్కడ కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డులో దగ్గర నిలబడి కట్టించుకున్న డెస్క్‌టాప్ మా ఇంట్లో ఇంకా ఉంది. కోర్ 2 డ్యుయో ఈ7400, జీ31 చిప్‌సెట్ బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, 320 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. దాంట్లో ఒక అనలాగ్ టీవీ ట్యూనర్ కార్డు కూడా పెట్టించారు. అప్పట్లో కేబుల్ వైరు తెచ్చి దాని వెనక గుచ్చేస్తే చాలు, చానెళ్లన్నీ వచ్చేవి. పాటల కార్యక్రమాలు రికార్డ్ చేసి, సీడీలు రాసి, పైన పెన్నుతో తారీకు వేసి మదనపల్లెలో ఉన్న పెద్దమ్మకు పంపేవారు. 2013లో ఇక్కడ కేబుల్ అంతా డిజిటల్ అయి ప్రతి ఇంటికీ సెట్‌టాప్ బాక్సు వచ్చాక ఆ కార్డుకు పని లేకుండా పోయింది. నాన్న పోయి నాలుగేళ్లయింది. కంప్యూటర్ మూలన దుప్పటి కప్పుకొని ఉంది, మొన్న దుమ్ము దులిపి స్విచ్ వేస్తే ఆన్ అయింది.

అసలు సంగతి అమ్మది. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆమెకు చేతులు ఖాళీ ఉండవు, పిల్లల క్యారేజీలు, స్కూలు వ్యాను, మా ఇద్దరి టిఫిను. సప్తగిరిలో ఆమె చూడాలనుకునే భక్తి కార్యక్రమాలు సరిగ్గా అప్పుడే. పదకొండింటికి కాస్త తీరిక దొరికి కూర్చునేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఫోన్‌లో చూడమ్మా అంటే ఆ చిన్న తెర మీద చూడలేను అంటుంది, అదీ నిజమే. మా వాడికేమో ఇండియా మ్యాచ్‌లు కావాలి, మర్నాడు మళ్లీ వేసుకొని చూడాలి, హెచ్‌డీలో అయితే మరీ మంచిది. ఈ రెండు పనులూ నాన్న కంప్యూటర్ మీదే జరగాలని నా కోరిక.

టీవీ బాక్సు బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే ఒక హెచ్‌డీఎంఐ క్యాప్చర్ యూఎస్‌బీ కొని డీటీహెచ్ బాక్సుకు తగిలించాను. తెర నల్లగా ఉంది, ఏమీ రాలేదు. ఎస్పీ రోడ్డులో ఇద్దర్ని అడిగితే ఒకాయన తూకానికి వేసేయమన్నాడు, ఇంకొకాయన బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మొత్తం మార్చాలన్నాడు. అన్నీ మార్చేశాక అది నాన్న కంప్యూటర్ ఎలా అవుతుంది? నిజంగా ఏది మార్చాలి, ఏది అక్కర్లేదు, ఆ నల్ల తెర ఎందుకొచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి. నేను చేసే ఉద్యోగానికి కంప్యూటర్లతో సంబంధం లేదు, కాబట్టి కాస్త వివరంగా రాయండి.

పాతబోర్డు

ముందు నల్ల తెర సంగతి. మీ క్యాప్చర్ స్టిక్‌లో లోపం లేదు. డీటీహెచ్ బాక్సు తన హెచ్‌డీఎంఐలో బొమ్మను హెచ్‌డీసీపీ అనే తాళం వేసి పంపుతుంది. అవతల తగిలించింది ఆ తాళంచెవి ఉన్న టీవీయేనా అని ముందు కనుక్కుని, అయితేనే బొమ్మ వదులుతుంది. స్టిక్ దగ్గర ఆ చెవి లేదు. నమ్మకం కుదరకపోతే అదే స్టిక్‌కు మీ ల్యాప్‌టాప్ తెరను తగిలించి చూడండి, శుభ్రంగా వస్తుంది. ఈ తాళాన్ని దాటించే డబ్బాలు ఉన్నాయని ఎవరో ఒకరు మీకు చెప్తారు, ఆ దారి పట్టొద్దు. చట్టం సంగతి అలా ఉంచినా, రోజూ పొద్దున్నే అమ్మగారికి పని చేయాల్సిన దాన్ని అలాంటి డబ్బా మీద ఆధారపడేలా కట్టకూడదు.

ఇక అసలు మాట. కంప్యూటర్‌లో ఏం మార్చాలన్నది రెండో ప్రశ్న, సిగ్నల్ ఎక్కణ్ణుంచి తెస్తారన్నది మొదటిది. ఇది తేలకుండా ఎస్పీ రోడ్డులో రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. మన దేశంలో నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ అయినా, కేబుల్ అయినా, సిగ్నల్ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళం పడే, ఇంటికొస్తుంది, దాన్ని విప్పేది ఆ కంపెనీ బాక్సే. మీరు ఎంత ఖరీదైన ట్యూనర్ కార్డు కొన్నా ఈటీవీ హెచ్‌డీ, జెమినీ హెచ్‌డీ లాంటివి అందులో పేరు కనిపిస్తాయి కానీ బొమ్మ రాదు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. అక్కడ ఇంటి మీద యాంటెన్నా పెడితే హెచ్‌డీ చానెళ్లు గాలిలో ఉచితంగా, తాళం లేకుండా వస్తాయి, వాళ్ల కార్డులు, వాళ్ల సలహాలు అన్నీ దానికి తగ్గట్టు ఉంటాయి. అక్కడి గాలి ప్రసారాలను అందుకునే ఏటీఎస్‌సీ కార్డు తెప్పించుకుంటే ఇక్కడ దేనికీ పనికిరాదు.

మనకు దానికి దగ్గరగా ఉన్నది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది, నెల చందా లేదు. ఇప్పుడు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తోంది, 93.5 డిగ్రీల తూర్పున. సప్తగిరి, యాదగిరి అందులో ఉంటాయి, డీడీ స్పోర్ట్స్ ఉంటుంది, దూరదర్శన్ వాటిలో కొన్ని హెచ్‌డీలోనూ వస్తాయి. మీ అబ్బాయి మ్యాచ్‌లకు కూడా ఇదే మంచి దారి. ఇండియా ఆడే ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కులు కొన్నవాళ్లు ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. అలా పంచుకున్న ప్రసారాన్ని దూరదర్శన్ తన టవర్ల మీద, ఫ్రీ డిష్ మీద మాత్రమే ఇవ్వాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకే ప్రైవేటు డీటీహెచ్‌లో డీడీ స్పోర్ట్స్ పెడితే మ్యాచ్ దొరకదు, ఫ్రీ డిష్‌లో దొరుకుతుంది. అన్ని మ్యాచ్‌లూ రావు, ఐపీఎల్ లాంటివాటికి ఈ లెక్క వర్తించదు, అది మాత్రం మీ వాడికి ముందే చెప్పండి.

కాబట్టి మీకు కావాల్సింది ఒక డిష్, ఉపగ్రహ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే ఒక డీవీబీ-ఎస్2 ట్యూనర్. మీ నాన్నగారి అనలాగ్ కార్డు ఈ పనికి రాదు, కానీ పారేయకండి.

కోలార్_కేబుల్

పై అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాదొక అనుభవం చెప్తా, ఇంకెవరూ ఆ తప్పు చేయకూడదని.

మా డీటీహెచ్ బాక్సు వెనక యూఎస్‌బీ ఉంది, పెన్‌డ్రైవ్ గుచ్చితే రికార్డ్ అవుతుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. రెండేళ్లు మా పాప స్కూలు నాట్య ప్రదర్శన టీవీలో వచ్చినవి, ఇంకా ఏవేవో పండగ కార్యక్రమాలు అన్నీ దాంట్లోనే దాచుకున్నాం. పిడుగు పడి బాక్సు కాలిపోయింది. కొత్త బాక్సు ఇచ్చారు, అదే కంపెనీ, అదే మోడల్. పెన్‌డ్రైవ్ పెడితే ఫైళ్లు కనిపిస్తున్నాయి, ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఎందుకంటే ఆ రికార్డింగులు పాత బాక్సుకే కట్టేసి ఉంటాయట, ఆ బాక్సు పోతే అవి కూడా పోయినట్టే. కాల్ సెంటర్‌కు ఎన్నిసార్లు చేశానో. పాప ఏడ్చింది. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ బీరువాలో ఉంది, చెరపడానికి మనసు రాలేదు.

అదే సొంత కంప్యూటర్‌లో ఫ్రీ డిష్ నుంచి చేసిన రికార్డింగ్ మామూలు ఫైలు. ఎక్కడికైనా కాపీ చేసుకోవచ్చు, పదేళ్ల తర్వాత ఇంకో కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. కాబట్టి మీ ఆలోచన మంచిదే, ఎవరేమన్నా వెనక్కి తగ్గకండి.

ఫ్రేముకు_ఫ్రేము

సిగ్నల్ సంగతి వాళ్లు చెప్పేశారు, కంప్యూటర్ సంగతి నేను చెప్తాను. ఇందులో జనం పొరబడే చోటు ఒకటుంది: రికార్డ్ చేయడం బరువైన పని, చూడడం తేలిక అనుకుంటారు. డిజిటల్‌లో అది తిరగబడింది.

మీ నాన్నగారి అనలాగ్ కార్డు రోజుల్లో రికార్డింగే కష్టం. వచ్చిన బొమ్మను అప్పటికప్పుడు కుదించి ఫైలుగా మార్చాలి కాబట్టి ప్రాసెసర్ మూలిగేది, మధ్యలో ఇంకేదైనా తెరిస్తే ఫ్రేములు పోయేవి. ఇప్పుడు ఉపగ్రహం నుంచి వచ్చేదే కుదించిన ఫైలు. ట్యూనర్ దాన్ని అందుకుని డిస్కు మీద రాసేస్తుంది, అంతే. హెచ్‌డీ చానెల్ 8 మెగాబిట్లు అనుకున్నా సెకనుకు 1 ఎంబీ, గంటకు 3.6 జీబీ. సెకనుకు 1 ఎంబీ రాయడం మీ 320 జీబీ పాత డిస్కుకు కూడా లెక్క కాదు, ఒకేసారి రెండు మూడు చానెళ్లు రాసినా దానికి తెలియదు. ప్రాసెసర్ పని కూడా నామమాత్రమే. అంటే రికార్డింగ్ కోసం మీరు బోర్డు మార్చాల్సిన పని లేదు, ఆ షాపాయన చెప్పింది తప్పు.

చూడడం దగ్గరే అసలు బరువంతా. హెచ్‌డీ చానెళ్లు హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో, 1080ఐలో వస్తాయి. మీ జీ31 బోర్డులోని సొంత గ్రాఫిక్స్‌కు హెచ్.264 విప్పడం రాదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఈ7400 2.8 గిగాహెర్ట్జ్ కాబట్టి ఎలాగో లాగుతుంది. కానీ 1080ఐ అంటే ప్రతి ఫ్రేమూ సగం సగం గీతలుగా వస్తుంది, వాటిని కలిపి అతకాలి. దాన్నే డీఇంటర్‌లేసింగ్ అంటారు. విప్పడం, అతకడం రెండూ ఒకేసారి మీద పడితే బంతి బౌండరీకి పోయేటప్పుడు బొమ్మ ముక్కలు ముక్కలుగా కదులుతుంది, ఫ్యాను గోల పెడుతుంది.

దీనికి మందు చిన్న గ్రాఫిక్స్ కార్డు. జీటీ 710 లాంటిది చాలు, 19 వాట్లు తింటుంది, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వేరే కరెంటు వైరు అడగదు, ఫ్యాను లేనివి కూడా దొరుకుతాయి. హెచ్.264 విప్పే పని మొత్తం అదే మోస్తుంది. పైగా మీ బోర్డుకు వెనక వీజీఏ ఒక్కటే ఉండి ఉంటుంది, ఈ కార్డుతో హెచ్‌డీఎంఐ వస్తుంది, టీవీకి శబ్దం కూడా దాంట్లోనే పోతుంది. ఇంకా కొత్త కుదింపు పద్ధతి హెచ్‌ఈవీసీని కూడా విప్పగల జీటీ 1030 వైపు వెళ్లొచ్చు కానీ కొన్ని పాత బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) బోర్డుల్లో కొత్త కార్డు పెడితే తెర అసలు వెలగదు. కొనేటప్పుడే, పని చేయకపోతే తిరిగి తీసుకుంటారా అని షాపులో గట్టిగా మాట తీసుకోండి. మీరున్నది బెంగళూరు కాబట్టి క్యాబినెట్ ఆటోలో వేసుకుని ఎస్పీ రోడ్డుకే పోయి అక్కడే తగిలించి చూసుకోండి, నేను ఎప్పుడూ అదే చేస్తా.

ర్యామ్ 4 జీబీకి పెంచండి, జీ31కి అదే గరిష్ఠం, పాత డీడీఆర్2 ముక్కలు తక్కువకే వస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) పెడితే, మీ బోర్డులోని పాత సాటా కనెక్షన్ వేగంలో కూడా కంప్యూటర్ ఆన్ అవడంలో తేడా మీకే తెలుస్తుంది. రికార్డింగులకు మాత్రం ఎస్‌ఎస్‌డీ దండగ, మామూలు హార్డ్ డిస్క్ పెట్టుకోండి.

ఇంకొకటి, దీని మీద నేను ఒక వారం నిద్ర పోగొట్టుకున్నాను. మొదటి మ్యాచ్ రికార్డ్ చేసి పొద్దున చూస్తే గంటా పది నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. మళ్లీ చేశాను, మళ్లీ అక్కడే. కేబుల్ మార్చాను, ట్యూనర్ మార్చాను. చివరికి ఫైలు సైజు చూస్తే రెండూ సరిగ్గా 4 జీబీ. నేను రికార్డ్ చేస్తున్న బయటి డిస్కు ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ అయి ఉంది, దాంట్లో ఒక ఫైలు 4 జీబీ దాటదు. ఎన్‌టీఎఫ్ఎస్ చేశాక మూడున్నర గంటలు ఏకబిగిన రాసింది. మీ డిస్కు ఏ ఫార్మాట్‌లో ఉందో ముందే చూసుకోండి.

అన్నట్టు, టీవీకి తగిలించాక తెర రిఫ్రెష్ రేటు 50 హెర్ట్జ్‌కు మార్చండి. కంప్యూటర్లు మామూలుగా 60లో ఉంటాయి, మన ప్రసారం 50 లెక్కలో వస్తుంది. 60లో వదిలేస్తే వార్తా చానెల్ కింద పాకే స్క్రోలింగ్ చూడండి, అక్షరాలు తడబడుతూ నడుస్తాయి. 50 చేయగానే నూనె పోసినట్టు జారిపోతాయి. కోడీ అనే ప్లేయర్ వాడితే వీడియోను బట్టి రిఫ్రెష్ రేటు దానంతటదే మారే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేసి వదిలేయండి.

అడయార్_డిష్

చెన్నై నుంచి రాస్తున్నా, రిచీ స్ట్రీట్‌లో ఇవే సామాన్లు కొని మా మామయ్య గారింట్లో పోయినేడు పెట్టాను, అందుకే డిష్ గురించి నాలుగు మాటలు.

బెంగళూరు నుంచి 93.5 డిగ్రీల ఉపగ్రహం దాదాపు ఆగ్నేయంలో ఉంటుంది, దిక్సూచి మీద 128 డిగ్రీల దగ్గర, ఎత్తు 66 డిగ్రీలు. అంటే చాలా ఎత్తున, నెత్తి మీదికి దగ్గరగా. చెన్నైలో 134, 68. ఈ ఎత్తు మనకు మంచిదే, ఎదురుగా అపార్ట్‌మెంట్ ఉన్నా పైనుంచి అందుతుంది, కానీ బాల్కనీలో పెడితే పై అంతస్తు స్లాబు అడ్డం వస్తుంది. టెర్రస్ మీదే పెట్టండి. ఇప్పుడున్న డీటీహెచ్ డిష్‌ను వాడుకుందాం అనుకుంటే అది తన కంపెనీ ఉపగ్రహాన్ని చూస్తూ ఉంటుంది, తిప్పితే ఇంట్లో ఉన్న బాక్సు ఆగిపోతుంది. వేరే 60 సెంటీమీటర్ల డిష్ పెట్టించుకోండి, పెద్ద ఖర్చు కాదు.

ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే భాగం) కొనేటప్పుడు రెండు అవుట్‌పుట్‌లు ఉన్నది తీసుకోండి. ఒకటి కంప్యూటర్‌కు, ఒకటి మామూలు ఫ్రీ డిష్ బాక్సుకు. ఒకే వైరును స్ప్లిట్టర్ పెట్టి రెండింటికీ ఇస్తే గొడవ. ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు ఇస్తే ఒక రకం చానెళ్లు, 18 ఇస్తే ఇంకో రకం, ఒకటి 13 అడిగి ఇంకొకటి 18 అడిగితే ఏదో ఒకటి ఆగిపోతుంది. మామయ్య వాళ్లింట్లో అత్తయ్య సీరియల్ మార్చినప్పుడల్లా రికార్డింగ్ తెగిపోయేది, కారణం కనుక్కోడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

ట్యూనర్‌కు టీబీఎస్ అనే కంపెనీ వాళ్లవి వాడాను, యూఎస్‌బీలో 5927, లోపల పెట్టేదైతే రెండు ట్యూనర్లున్న 6902. లోపలిది కొనేముందు బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ చిన్న స్లాటు ఖాళీ ఉందో లేదో చూడండి. మీ పాత అనలాగ్ కార్డు ఉన్నది మామూలు పీసీఐ అయ్యుండొచ్చు, ఆ స్లాటులో ఇది దూరదు. యూఎస్‌బీది తీసుకుంటే దాంతో వచ్చే అడాప్టర్ తప్పకుండా గోడకు పెట్టండి, డిష్ దాకా కరెంటు పంపాల్సింది అదే.

డిష్ అబ్బాయి వచ్చినప్పుడు బాక్సులో బొమ్మ రాగానే అయిపోయింది సార్ అంటాడు. పోనివ్వకండి. సిగ్నల్ స్ట్రెంగ్త్ కాదు, క్వాలిటీ అంకె చూడండి, మిల్లీమీటరు మిల్లీమీటరు కదిపించి అది ఇంక పెరగనంత వరకు బిగించనివ్వద్దు. ఎండలో ఏ కాస్త ఉన్నా బొమ్మ వస్తుంది, వాన పడ్డప్పుడే ఆ మిగులు పనికొస్తుంది.

వైట్‌ఫీల్డ్_వాట్స్

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, నేను రెండోవైపు చెప్తా, తప్పుగా అనుకోవద్దు.

పాత కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్ ఊరికే ఆన్‌లో ఉంటేనే 60, 70 వాట్లు తింటుంది. రికార్డింగ్ కోసం రోజంతా వదిలేస్తే నెలకు 45 యూనిట్ల పైమాటే, ప్రతి నెలా. పైగా పదిహేనేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్. ఆఫీసులు తీసేసిన ఆరో తరం ఐ5 చిన్న డెస్క్‌టాప్‌లు ఎస్పీ రోడ్డులోనే కుప్పలు దొరుకుతాయి. దాంట్లో గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, హెచ్.264, హెచ్‌ఈవీసీ రెండూ సొంత గ్రాఫిక్సే విప్పుతుంది, కరెంటు సగం కూడా కాదు. మీరు జీటీ 710, డీడీఆర్2, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి పెట్టే డబ్బుకు దగ్గర్లోనే వస్తుంది. నేనైతే అదే చేస్తా. ట్యూనర్, డిష్ ఎటూ దానికీ పనికొస్తాయి కాబట్టి అవి ముందు కొనండి, ఈ లోపల ఆలోచించుకోండి.

పాతబోర్డు

వైట్‌ఫీల్డ్ గారూ, లెక్క ప్రకారం మీరే కరెక్టు, ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగింది నాన్నగారి కంప్యూటర్ గురించి. రోజంతా ఆన్‌లో ఉంచక్కర్లేదు. రికార్డింగ్ టైముకు తనే మేలుకొని, పని అయ్యాక మళ్లీ పడుకునేలా పెట్టుకోవచ్చు, పాత బోర్డులు కూడా ఈ పని చేస్తాయి. అప్పుడు రోజుకు రెండు మూడు గంటలు మించదు.

మారతహళ్లి గారూ, వీటన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఇవాళే చేయండి. ఆ 320 జీబీ డిస్కులో మీ నాన్నగారు రికార్డ్ చేసినవి ఉన్నాయా? ఉంటే వేరే రెండు చోట్ల కాపీ తీసుకునేదాకా ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకండి, ఫార్మాట్ చేయకండి. అంత పాత డిస్కు, ఎన్నో ఏళ్లు తిరగకుండా ఉండి మళ్లీ తిరగడం మొదలైంది, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి చూడండి, రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైపోయి డిస్కు పక్కన పెట్టేసిన చోట్లు) పెరుగుతుంటే ఆ డిస్కు పోయే దారిలో ఉన్నట్టు.

తర్వాత క్యాబినెట్ మూత తీసి బోర్డు మీద నిలువుగా ఉండే కెపాసిటర్ల నెత్తులు చూడండి, చదునుగా ఉంటే బాగున్నట్టు, ఉబ్బినా కారినా బోర్డు మీద ఖర్చు పెట్టొద్దు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తది వేయండి, పాతది పోతూ పోతూ పక్కవాటిని కూడా తీసుకుపోతుంది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండిపోయి ఉంటుంది, అది తుడిచి కొత్తది రాయండి.

విండోస్ 7కి 2020 జనవరిలోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, విండోస్ 10కి కూడా 2025 అక్టోబరులో అయిపోయాయి, 11 ఈ ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. కాబట్టి లైనక్స్ మింట్ వేసి, రికార్డింగ్‌కు టీవీహెడ్‌ఎండ్, చూడ్డానికి కోడీ పెట్టుకోండి. టీబీఎస్ డ్రైవర్ వేయడం మొదటిసారి కాస్త టెన్షన్ పెడుతుంది, ఇరుక్కుంటే ఇక్కడే అడగండి. టైమర్ పెట్టేటప్పుడు ముందు 5 నిమిషాలు, వెనక 10 నిమిషాలు అదనంగా ఇవ్వండి, కార్యక్రమాలు గడియారం చూసి మొదలవ్వవు.

మారతహళ్లి_మదనపల్లె

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. చెప్పినవాళ్లందరికీ ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత ఉంది.

పాతబోర్డు అన్నా, మీ మాట విని ముందు డిస్కు చూశాను. రీఅలొకేటెడ్ సెక్టార్లు ఉన్నాయి, రోజురోజుకూ పెరుగుతున్నాయి. డీ డ్రైవ్‌లో నాన్న ఫోల్డర్లు ఏడాది వారీగా, నెల వారీగా ఉన్నాయి, 41 ఫైళ్లు. మూడు ఫైళ్లు కాపీ కాలేదు, 38 వచ్చాయి. ఒక దాంట్లో పాటలు మొదలయ్యే ముందు రెండు నిమిషాలు మైకు ఆన్‌లో ఉండిపోయినట్టుంది, నాన్న అమ్మను కాఫీ అడగడం, అమ్మ వంటింట్లోంచి ఏదో అనడం వినిపిస్తోంది. ఫార్మాట్ చేసి ఉంటే అదంతా పోయేది. రెండు చోట్ల దాచాను, ఒక కాపీ పెద్దమ్మ వాళ్లింటికి పంపాను.

బోర్డు కెపాసిటర్లు బాగున్నాయి. ఎస్‌ఎంపీఎస్ కొత్తది, ర్యామ్ 4 జీబీ, జీటీ 710, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, రికార్డింగ్‌లకు 1 టీబీ హార్డ్ డిస్క్. ప్రాసెసర్, బోర్డు, క్యాబినెట్ నాన్నవే. ముందు ఫలకం మీద ఆయన అంటించిన చిన్న వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ అలాగే ఉంది. ట్యూనర్ యూఎస్‌బీదే తీసుకున్నాను. అడయార్ గారూ, డిష్ అబ్బాయి బొమ్మ రాగానే బయల్దేరబోయాడు, ఆపి ఇంకో అరగంట కూర్చోబెట్టాను, క్వాలిటీ 61 నుంచి 78కి వచ్చింది. తర్వాతి వారం మారతహళ్లిలో రోడ్లు మునిగేంత వాన పడింది, ఒక రికార్డింగ్‌లో మధ్యలో రెండు నిమిషాలు గళ్లు గళ్లుగా వచ్చింది, అంతే.

ఒక ఇబ్బంది వచ్చింది, వేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. మొదటి వారంలో రెండు పొద్దులు రికార్డింగ్ అసలు జరగలేదు. కంప్యూటర్ మేలుకోలేదు. రెండుసార్లూ ముందు రాత్రి కరెంటు పోయింది. తర్వాత బయోస్‌లోకి వెళ్లి చూస్తే తారీకు 2009 జనవరి 1 అని ఉంది. బోర్డు మీద గడియారాన్ని నడిపే సీమాస్ సెల్లు చచ్చిపోయింది, కరెంటు పోగానే గడియారం, పెట్టిన అలారం రెండూ మర్చిపోతోంది. సీఆర్2032 అని వాచీ కొట్లో కూడా దొరికే బిళ్ల సెల్లు, అది మార్చాను. బయోస్‌లోనే కరెంటు తిరిగొస్తే తనే ఆన్ అవ్వాలి అనే సెట్టింగ్ కూడా పెట్టాను. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు.

స్క్రోలింగ్ పరీక్ష చేశాను ఫ్రేము గారూ, 60లో ఒకసారి, 50లో ఒకసారి, మా వాడు కూడా తేడా పట్టేశాడు. డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్ రికార్డ్ చేసి మర్నాడు సాయంత్రం వేశాం, బంతి వెనకే కెమెరా పరిగెత్తినా ఎక్కడా తడబడలేదు, ప్రాసెసర్ ఇరవై శాతం కూడా దాటలేదు. సప్తగిరి మాకు ఎస్‌డీలోనే (హెచ్‌డీ కాని మామూలు బొమ్మ) వస్తోంది, పెద్ద టీవీ మీద కాస్త మెత్తగా కనిపిస్తుంది, అమ్మ దాన్ని పట్టించుకోవడం లేదు. రిమోట్‌లో ఏ మీట నొక్కితే వస్తుందో రెండు రోజులు నేర్పించాను. ఇప్పుడు పదకొండు కొట్టగానే తనే పెట్టుకుంటోంది, మధ్యలో ఫోన్ వస్తే ఆపి, మాట్లాడి, మళ్లీ అక్కణ్ణుంచే చూస్తోంది. ఆపితే ఆగుతుందని తెలిసిన రోజు నాకు ఆఫీసుకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఇక ఒక్క ప్రశ్న. నాన్న ఫైళ్లలో కొన్నిటికి మధ్యలో యాడ్‌లు ఉన్నాయి, మళ్లీ కుదించకుండా, నాణ్యత పోకుండా ఆ ముక్కలు మాత్రం తీసేయడం ఎలా?

ఫ్రేముకు_ఫ్రేము

లాస్‌లెస్‌కట్ అని ఉంది, ఉచితం, లైనక్స్‌లో కూడా నడుస్తుంది. అది బొమ్మను ముట్టుకోదు, ఫైలును అక్కడక్కడ కోసి అతుకుతుంది అంతే, కోత సరిగ్గా మీరు చెప్పిన ఫ్రేము దగ్గర కాకుండా దగ్గర్లోని కీ ఫ్రేము (బొమ్మ మొత్తం పూర్తిగా ఉండే ఫ్రేము) దగ్గర పడుతుంది కాబట్టి అర సెకను అటూ ఇటూ అవుతుంది. అసలు ఫైళ్ల మీద మాత్రం చేయకండి, కాపీ మీద చేయండి. ఆ కాఫీ అడిగిన రెండు నిమిషాలు అలాగే ఉంచండి.